కేప్ ద్రాక్షతోటలు: చోళమండలం బానిసల నుంచి మ్హుడి దాకా



ఈ వరుసలో ఇప్పటిదాకా మన పల్లెల భూముల గురించే మాట్లాడుకున్నాం. బంజరు పట్టాలు, అసైన్డ్ భూములు, కౌలు కాగితాలు. ఈసారి చాలా దూరం పోదాం. దక్షిణాఫ్రికాలో ఒక చిన్న ద్రాక్షతోట గురించి, దాని చుట్టూ ఉన్న వైన్ సీమ గురించి రాస్తున్నాను. "ద్రాక్షతోటలకూ మనకూ ఏం సంబంధం సార్?" అని అడిగేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఆ సంబంధం పులికాట్ కోటలో, బందరు రేవులో ఉంది. మధ్యలో అక్కడికీ వెళ్దాం.

కేప్ టౌన్ నగరానికి తూర్పున, కారులో గంటలోపు దూరంలో స్టెలెన్‌బాష్ అనే ఊరుంది. చుట్టూ నీలిరంగు కొండలు, కొండల కింద వరసలు వరసలుగా ద్రాక్ష, మధ్యలో సున్నం కొట్టిన తెల్లటి డచ్చి బంగళాలు. ప్రపంచం నలుమూలల నుంచీ టూరిస్టులు వచ్చి గ్లాసు పట్టుకుని ఫోటోలు దిగుతారు. ఆ ఊరి పక్కన 2003లో రంగాకా అనే నల్లజాతి కుటుంబం ఒక తోట కొన్నది. భర్త డియాలే యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పినవాడు. భార్య మాల్మ్‌సీ మానసిక వైద్య నిపుణురాలు. ఇద్దరిదీ దేశానికి ఇంకో మూల, వాయవ్య రాష్ట్రం. అంతకుముందు వాళ్ళు ద్రాక్ష పండించలేదు, వైన్ చేయలేదు. నల్లవాళ్ళ కుటుంబం పూర్తిగా సొంతంగా నడుపుతున్న తొలి వైన్ తోటల్లో ఒకటిగా పత్రికలు దాని గురించి రాశాయి. తోటకూ, వైన్‌కూ వాళ్ళు పెట్టుకున్న పేరు మ్హుడి.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. అది ఒక నవల పేరు. సోల్ ప్లాట్జే రాసిన నవల. 1930లో లవ్‌డేల్ మిషన్ ప్రెస్ అచ్చువేసింది. దక్షిణాఫ్రికా నల్లజాతి రచయిత ఇంగ్లీషులో రాసి అచ్చయిన తొలి నవలగా సాహిత్య చరిత్రకారులు దాన్ని లెక్కపెడతారు. రాయడం 1920 నాటికే అయిపోయింది, అచ్చుకు పదేళ్ళు పట్టింది. కథానాయిక మ్హుడి బరోలాంగ్ తెగ ఆడపిల్ల. యుద్ధంలో ఊరు తగలబడితే అడవి పట్టి బతికి బయటపడుతుంది. తర్వాత తన జనానికి మిత్రులుగా వచ్చిన బోయర్లు, అంటే డచ్చి సంతతి తెల్ల రైతులు, తమ పనివాళ్ళను హింసించే తీరు కళ్ళారా చూసి, ఈ స్నేహాన్ని నమ్మలేనని మొదట గుర్తుపట్టేది ఆమే. మన దగ్గర సరిగ్గా అదే కాలంలో, 1922లో, 'మాలపల్లి' వచ్చింది. ఉన్నవ వారు మన గురించి రాశారు. ప్లాట్జే తన జనం గురించి తానే రాసుకున్నాడు. ఈ తేడా చిన్నది కాదు. క్లాసులో ఎవరైనా అడిగితే ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదవమంటాను.

ప్లాట్జే నవలా రచయిత మాత్రమే కాదు. 1912లో పుట్టిన నేటివ్ నేషనల్ కాంగ్రెస్‌కు, తర్వాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అయిన ఆ సంస్థకు, తొలి కార్యదర్శి. 1913లో తెల్ల ప్రభుత్వం భూచట్టం తెచ్చింది. దేశ జనాభాలో అత్యధికులైన నల్లవాళ్ళకు కేటాయించింది సుమారు 7 శాతం భూమి. మిగతా చోట నల్లవాడు భూమి కొనకూడదు, కౌలుకు తీసుకోకూడదు. చట్టం వచ్చీరాగానే భాగానికి సాగు చేసుకుంటున్న కుటుంబాలు గొడ్డూగోదా తోలుకుని రోడ్డున పడ్డాయి. ప్లాట్జే సైకిలెక్కి ఆ రోడ్ల వెంట తిరిగి, చూసినదంతా 1916లో పుస్తకంగా వేశాడు. రంగాకాలు వచ్చిన మాఫికెంగ్ వైపు ప్రాంతం ప్లాట్జే బతికిన, పత్రిక నడిపిన ప్రాంతమే. కాబట్టి ఆ పేరు అందం కోసం తగిలించింది కాదు. సెట్స్వానా భాషలో ఆ మాటకు పంట కోసేది అనే అర్థం ఉందని కూడా ఆ కుటుంబం చెప్పుకుంటుంది.

ఇక ఆ నేల సంగతి. 1652 ఏప్రిల్‌లో యాన్ వాన్ రీబేక్ అనే డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మూడు ఓడలతో కేప్ తీరంలో దిగాడు. ఆసియాకు పోయే ఓడలకు కూరగాయలు, మాంసం, మంచినీళ్ళు అందించే మజిలీ పెట్టడం అతని పని. 1655లో ద్రాక్ష తీగలు నాటించాడు. 1659 ఫిబ్రవరి 2న కేప్ ద్రాక్షతో మొదటిసారి వైన్ తీశామని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ డైరీలో రాసుకున్నాడు. వైన్ పరిశ్రమ ఇప్పటికీ ఆ తేదీని పుట్టినరోజులా చేసుకుంటుంది. అదే 1659లో ఇంకొకటి కూడా మొదలైంది, దానికి పుట్టినరోజులు చేయరు. అక్కడ పశువులు మేపుకుంటూ బతికే ఖోయ్‌ఖోయ్ జనం తమ మేత భూములు దున్నుతున్నారని కంపెనీ మీద తిరగబడ్డారు. 1660లో సంధి మాటలప్పుడు వాళ్ళ నాయకులు వేసిన ప్రశ్న డైరీలో మిగిలిపోయింది. మేం హాలండుకు వచ్చి ఇలాగే చేస్తే మీరు ఊరుకుంటారా అని. భూమి కత్తితో గెలిచాం, ఇచ్చేది లేదు అన్నది రీబేక్ జవాబు. ఆ వెంటనే చేదు బాదం చెట్లతో పెద్ద కంచె నాటించాడు. లోపల మేము, బయట మీరు. ఆ కంచె ముక్కలు ఈనాటికీ కేప్ టౌన్‌లోని కిర్‌స్టెన్‌బాష్ తోటలో పచ్చగా బతికే ఉన్నాయి. ఊరికీ వాడకూ మధ్య గీత ఎలా పుడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ మాత్రం ఆ గీతకు చెట్లున్నాయి, నాటిన తేదీ ఉంది.

ఖోయ్‌ఖోయ్ కూలికి రారు, వాళ్ళకు పశువులున్నాయి. బతకడానికి సొంత ఆధారం ఉన్నవాడు ఇంకొకడి పొలంలో వంగడు. కంపెనీకి మనుషులు కావాలి. 1658లో రెండు ఓడల నిండా బానిసలు దిగారు. ఒక ఓడలోని వాళ్ళు అంగోలా మనుషులు, పోర్చుగీసు ఓడ నుంచి లాక్కున్నవాళ్ళు. రెండోది పశ్చిమ ఆఫ్రికా గినీ తీరం నుంచి వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే బానిస పిల్లలకు బడి పెట్టారు. పిల్లలు బడికి రావడానికి, ప్రార్థన వినడానికి ఆశ చూపించాలి కదా. రోజూ ఒక చిన్న గ్లాసు బ్రాందీ, రెండంగుళాల పొగాకు ఇచ్చారు. మళ్ళీ చదవండి. బడి పిల్లలకు బ్రాందీ. ఇది శత్రువులు చేసిన ప్రచారం కాదు, కంపెనీ సొంత డైరీలో గొప్పగా రాసుకున్న ఏర్పాటు. వైన్ ఇంకా తీయకముందే మత్తుతో మనిషిని కట్టేసే పద్ధతి అక్కడ మొదలైపోయింది.

ఇప్పుడు పులికాట్‌కు వద్దాం.

1652 నుంచి బ్రిటిష్ వాళ్ళు బానిస వ్యాపారం ఆపిన 1808 దాకా కేప్‌కు సుమారు 63 వేల మందిని బానిసలుగా తెచ్చారని చరిత్రకారుల అంచనా. అందులో దాదాపు నాలుగో వంతు ఆఫ్రికా నేల నుంచి, నాలుగో వంతు మడగాస్కర్ నుంచి, కాస్త తక్కువగా ఇండోనేసియా దీవుల నుంచి. మిగిలిన నాలుగో వంతు మన ఉపఖండం నుంచి: బెంగాల్, మలబార్, చోళమండలం. అదే డచ్చి కంపెనీకి బందరులో 17వ శతాబ్దం మొదట్లోనే కొట్టు ఉంది. పులికాట్‌లో గెల్డ్రియా కోట ఉంది. తర్వాత భీమునిపట్నం. బందరులో, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పుడు చూడదగ్గ ప్రదేశాలు. బళ్ళో మనం చదివిన పాఠంలో డచ్చివాళ్ళు అద్దకం బట్టలు కొనుక్కుపోయారు, అంతే. మనుషుల్ని కూడా కొనుక్కుపోయారని నా చదువు మొత్తంలో ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు.

ఆ కొనుగోళ్ళు కరువుల్లో జోరందుకునేవి. వానలు పోయి, యుద్ధాలు వచ్చి, గింజల ధర ఆకాశానికి పోయినప్పుడు తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకున్నారు, కొందరు తమను తామే అమ్ముకున్నారు. 1680ల్లో ఔరంగజేబు గోల్కొండ మీద పడ్డప్పుడు ఆ రాజ్యమంతా కరువు. కంపెనీకి అది చవక బేరాల కాలం. ఎక్కువ మందిని బటావియాకు, సింహళానికి పంపారు. ఒక పాయ కేప్‌కు చేరింది. కేప్ దస్తావేజుల్లో కులం కాలమ్ లేదు. కానీ కరువు మొదట ఎవరి గుడిసె తలుపు తడుతుంది? గాదె లేనివాడిది, పొలం లేనివాడిది, ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేనివాడిది. ఇది నా ఊహ అని కొట్టిపారేసేవాళ్ళు కరువులో గాదె ఉన్న ఇళ్ళ పిల్లలు ఎందరు ఓడెక్కారో చూపించాలి.

ఓడ దిగాక మొదట పోయేది పేరు. దస్తావేజుల్లో ఒక మనిషి 'ఫలానా వాన్ బెంగాలెన్' అవుతాడు, 'ఫలానా వాన్ మలబార్' అవుతాడు, మన వైపు వాళ్ళయితే 'వాన్ కోరమాండెల్', లేదంటే ఊరికే 'వాన్ డి కస్ట్', అంటే తీరం నుంచి వచ్చినవాడు. ముందు భాగం యజమాని ఇష్టం. వచ్చిన నెలను బట్టో, సరదాకో సెప్టెంబర్, ఫిబ్రవరి అని పెట్టారు. రోమన్ చరిత్ర చదివిన దొరలు సిపియో, టైటస్ అని, ప్రేమ దేవుడి పేరు క్యూపిడో అని పెట్టారు. వెస్టర్న్ కేప్‌లో ఈనాటికీ సెప్టెంబర్, ఫిబ్రవరి, అక్టోబర్ అనేవి ఇంటిపేర్లు. ఎల్లయ్యను ఎల్లిగాడుగా, పోచమ్మను పోచిగా మార్చిన చావడి భాష ఎరిగినవాళ్ళకు ఇది తెలియని విద్య కాదు. ఒక్క తేడా ఉంది. మన తాతల అసలు పేరు ఇంట్లో అయినా బతికింది. అక్కడ అది నీళ్ళలో కలిసిపోయింది.

భాష మాత్రం కలవలేదు, ఎదురు తిరిగింది. ఈ మలయా, బెంగాలీ, తమిళ, తెలుగు, మడగాస్కర్ నోళ్ళలో, ఖోయ్‌ఖోయ్ నోళ్ళలో డచ్చి భాష విరిగి కొత్తగా అతుక్కుంది. వంటింట్లో, తోటలో తయారైన ఆ మాటే తర్వాత ఆఫ్రికాన్స్. తెల్లవాళ్ళు తమ రక్తపు భాష అని చెప్పుకున్న ఆ భాషలో తొలి రాతల్లో కొన్ని కేప్ ముస్లింల మదర్సాల్లో అరబ్బీ లిపిలో పుట్టాయి. 1877లో అలాంటి ఒక పుస్తకం ఇస్తాంబుల్‌లో అచ్చయింది. గుమ్మం దాటనివ్వని వాడి నోటి నుంచే భాష తీసుకుని దానికి తామే వారసులమనడం మనమూ ఎరిగినదే.

బెంగాల్ నుంచి వచ్చిన ఏంజెలా అనే ఆమె గురించి ఒక్క మాట చెప్పకుండా పోలేను. రీబేక్ ఇంట్లో బానిస. 1666లో విడుదలైంది, తన పేరున కేప్‌లో స్థలం సంపాదించింది, తెల్లవాణ్ణి పెళ్ళి చేసుకుంది. ఎన్నో ఆఫ్రికానర్ కుటుంబాల వంశవృక్షాల్లో ఆమె ఉంది. శుద్ధ రక్తం పేరుతో 1948 నుంచి దేశాన్ని ముక్కలు చేసినవాళ్ళ అవ్వల్లో ఒక బెంగాలీ బానిస ఉండడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

1679లో సైమన్ వాన్ డెర్ స్టెల్ అనే గవర్నర్ స్టెలెన్‌బాష్ ఊరు పెట్టాడు. 1685లో తనకు తాను కాన్‌స్టాన్షియా అనే పెద్ద తోట సంపాదించుకున్నాడు. 1688లో ఫ్రాన్సు నుంచి మతహింసకు పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లకు పక్క లోయలు పంచారు. వైన్ సీమ చరిత్ర అని టూరిస్టు పుస్తకాల్లో ఉండేది ఇంతవరకే: గవర్నర్ చూపు, ఫ్రెంచివాళ్ళ నైపుణ్యం, మంచి నేల. కాన్‌స్టాన్షియా తియ్యటి వైన్ యూరప్ రాజులు తెప్పించుకున్నారు, సెయింట్ హెలెనాలో బందీగా ఉన్న నెపోలియన్ తాగాడు, జేన్ ఆస్టిన్ నవలలో దాని ప్రస్తావన ఉంది. నిజమే. ఆ నేలను గునపంతో తవ్విందెవరు? చలికాలంలో, అంటే అక్కడి జూన్ నుంచి ఆగస్టులో, తీగలు కత్తిరించిందెవరు? ఫిబ్రవరి ఎండలో గంపలు మోసి, తొట్టెల్లో కాళ్ళతో తొక్కి, పీపాలు బిగించి, ఎద్దు బండ్ల మీద కేప్ టౌన్ తోలిందెవరు? 18వ శతాబ్దం మొదటి దశాబ్దాల నుంచే కేప్‌లో తెల్ల వలసదారుల కంటే బానిసల సంఖ్య ఎక్కువ. 1806 నాటికి వాళ్ళు దాదాపు 30 వేలు. వైన్ రైతులు, గోధుమ రైతులే వాళ్ళకు పెద్ద యజమానులు. నైపుణ్యం తెల్లవాడిది అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు. పీపా ఎలా కట్టాలో, ఏ తీగకు ఎన్ని కళ్ళు వదిలి కత్తిరించాలో ఆ చేతులకు తెలుసు. కాగితం ఆ చేతుల్లో లేదు, అంతే.

ఊరుకున్నారనుకోకండి. 1808 అక్టోబరులో మూడు వందల మందికి పైగా బానిసలు స్వాట్‌లాండ్ వైపు పొలాల నుంచి యజమానులను కట్టేసి కేప్ టౌన్ మీదికి కదిలారు. నాయకుడు లూయీ మారిషస్ నుంచి వచ్చిన దర్జీ. సైన్యం అణిచేసింది, నాయకులను ఉరి తీసింది.

1834 డిసెంబరు 1న బానిసత్వం రద్దయింది. వెంటనే కాదు. పని నేర్పే పేరుతో ఇంకో నాలుగేళ్ళు అదే యజమాని దగ్గర ఉండాలి. 1838 డిసెంబరు 1న నిజంగా గేటు తెరిచారు. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికి రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? యజమానులకు. విడుదలైన మనిషికి ఒక్క సెంటు భూమి లేదు, ఒక గొర్రె లేదు. డాక్టర్ అంబేడ్కర్ మనకు పదే పదే చెప్పిన విషయం ఇదే: ఓటు ఒక చేతికి వచ్చినా బతుకుతెరువు ఇంకొకడి చేతిలో ఉంటే ఆ స్వేచ్ఛ కాగితం మీదే. కొందరు మిషన్ స్టేషన్లకు చేరారు. స్టెలెన్‌బాష్‌కూ ఫ్రాన్షుక్‌కూ నడుమ 1843లో నీల్ అనే మిషన్ ఊరు వెలిసింది. ఇల్లు కట్టుకోవడానికి చోటు, చర్చి, బడి దొరికాయి. పని మాత్రం మళ్ళీ పక్క తోటలోనే. మన మిషన్ కాంపౌండుల్లో పెరిగినవాళ్ళకు ఇంకేం చెప్పాలి. అందరికీ ఆ ఊళ్ళూ దొరకలేదు. మిగతావాళ్ళు పాత గుడిసెల్లోనే ఉండిపోయారు. 1841లో, 1856లో యజమాని-సేవకుల చట్టాలు వచ్చాయి. పని మానేస్తే, ఎదురు మాట్లాడితే అది నేరం, జైలు. ఆ చట్టాలు పూర్తిగా పోయింది 1974లో. తెలంగాణ జీతగాడు, కోస్తా పాలేరు అప్పు కింద కట్టుబడి ఉన్నట్టే, అక్కడ చట్టం కింద.

ఇంకో కట్టు కూడా ఉంది. దాని పేరు డాప్. కూలిలో ఒక భాగం డబ్బుగా కాక వైన్‌గా ఇవ్వడం. పొద్దున పని మొదలవక ముందు ఒక గ్లాసు, తర్వాత రోజంతా విరామాల్లో ఇన్నిన్ని సార్లు, సాయంత్రం ఇంకొంచెం, శనివారం ఎక్కువ. పోసేది అమ్ముడుపోని నాసి వైన్. రైతుకు రెండు లాభాలు. మిగులు సరుకు ఖర్చయిపోతుంది, మనిషి పొద్దు వాలేసరికి ఎక్కడికీ పోలేని స్థితిలో ఉంటాడు. రెండు మూడు వందల ఏళ్ళ తర్వాత ఫలితం ఏమిటో వైద్యులు లెక్కగట్టారు. తల్లి గర్భంలోనే మద్యం తగిలి మెదడు, ముఖం దెబ్బతిని పుట్టే పిల్లల నిష్పత్తి ప్రపంచంలో ఎక్కువగా నమోదైన చోట్లలో ఈ వైన్ సీమ ఒకటి. 1960ల్లో చట్టం డాప్‌ను నిషేధించింది, తోటలు పట్టించుకోలేదు. 2003 మద్యం చట్టం మళ్ళీ ప్రత్యేకంగా నిషేధించాల్సి వచ్చింది. సరిగ్గా రంగాకాలు తోట కొన్న ఏడాది.

అక్కడి జనం తాగుబోతులు అనే మాట టూరిస్టు గైడు నోట కూడా వస్తుంది. మనకు ఈ మాట తెలుసు. మాలమాదిగలు తాగి చెడిపోయారని చెప్పే నోరే కూలితో పాటు సారా చుక్క పోస్తుంది. ఒకప్పుడు మన ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారా సరఫరా చేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించి మొదలుపెట్టిన పోరాటం 1993లో సారా నిషేధం దాకా పోయింది. చీపుర్లు పట్టినవాళ్ళలో మన వాడల ఆడవాళ్ళు ముందు నిలిచారు. వాళ్ళు నైతిక ఉపన్యాసం ఇవ్వలేదు, కూలి డబ్బు ఇంటికి రావాలన్నారు. డాప్ గురించి ఆలోచించేటప్పుడు నాకు దూబగుంటే దారి చూపింది. ఇది వ్యసనం కథ కాదు, కూలి కథ. ఇంకో చిన్న సంగతి. మన పేటల్లో చాలామందికి ద్రాక్షారసం అనే మాట మొదట తెలిసింది చర్చిలో బల్ల దగ్గర. పవిత్రమైన మాట. అదే రసాన్ని ఒక జనాన్ని పడగొట్టడానికి వాడారని తెలిసినప్పుడు మింగుడుపడదు.

1950లో జనాభా నమోదు చట్టం బానిసల, ఖోయ్‌ఖోయ్‌ల వారసులకు 'కలర్డ్' అని ముద్ర వేసింది. ఓటు పోయింది, ఊళ్ళు ఖాళీ చేయించారు. వెస్టర్న్ కేప్‌లో పని మొదట కలర్డ్‌లకే, ఆఫ్రికన్‌లు తర్వాత అనే విధానం పెట్టారు. మెట్ల మీద మెట్లు. ఒక మెట్టు మీదివాడు పై మెట్టుతో కాక కింది మెట్టుతో తగవు పడేలా చేయడం. నిచ్చెనమెట్ల వ్యవస్థ అని మనం దేన్ని అంటామో దానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ బయట దేశాల్లో నాకు కనబడలేదు.

కాబట్టి రంగాకాలు 2003లో అడుగుపెట్టిన నేలలో రెండు రకాల భూమిలేనితనం ఉంది. ఒకటి వాళ్ళది, 1913 చట్టం తెచ్చింది. ఇంకొకటి తోట పనివాళ్ళది, ఓడలో వచ్చి 1838లో ఉత్త చేతులతో గేటు దాటింది. 'నల్లవాళ్ళ తోట' అనే ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోతాయి. కలపకూడదు. మన దగ్గర దళిత అనే మాట కింద మాల, మాదిగ, రెల్లి అనుభవాలు ఒకటే అనుకోవడం ఎంత పొరపాటో ఇదీ అంతే.

అయినా వాళ్ళు కొనడం నాకు చిన్న విషయంగా కనిపించదు. పక్కనున్న విల్లియెరా అనే తెల్లవాళ్ళ తోట వాళ్ళకు సాగు మెళకువలు చెప్పింది, తమ దగ్గరే వైన్ తయారు చేసుకోనిచ్చింది. తర్వాత మ్హుడి వైన్ బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల దాకా పోయింది. పొరుగువాళ్ళ మంచితనం నిజం, కాదనను. కానీ మూడున్నర శతాబ్దాలు ఆ తీగలు కత్తిరించింది నల్ల చేతులే అయినప్పుడు, ఒక నల్ల కుటుంబానికి ఆ విద్య తెల్ల పొరుగింటి నుంచి ఎందుకు రావాలి? విద్య చేతుల్లో ఉంది, డిగ్రీ, పీపాల గది తాళం, బ్యాంకు మేనేజరు పరిచయం ఇంకో చోట ఉన్నాయి. స్టెలెన్‌బాష్ యూనివర్సిటీ వైన్ శాస్త్రం దశాబ్దాలుగా నేర్పుతోంది. పినోటాజ్ అనే దక్షిణాఫ్రికా సొంత ద్రాక్ష రకం 1925లో అక్కడే పుట్టింది. ఆ క్లాసులోకి క్వాజులు-నటాల్ పల్లె నుంచి న్‌ట్సికీ బియేలా అనే జులూ అమ్మాయి స్కాలర్‌షిప్ మీద వచ్చింది. పాఠం ఆఫ్రికాన్స్‌లో, ఆమెకు ఆ భాష రాదు. వైన్ ఎప్పుడూ రుచి చూసి ఎరగదు. అయినా చదివి బయటపడి 2004లో ఉద్యోగంలో చేరింది. దేశంలో తొలి నల్లజాతి మహిళా వైన్ తయారీదారుగా ఆమెకు పేరు. తర్వాత సొంత వైన్‌కు తనను పెంచిన అమ్మమ్మ పేరు పెట్టుకుంది, అస్లీనా అని. పల్లె నుంచి వచ్చి ఇంగ్లీషు మీడియం క్లాసులో చివరి బెంచీలో కూర్చుని భాష అర్థం కాక ఏడ్చిన పిల్లలు నా క్లాసుల్లో ఉన్నారు. ఈ పేరా వాళ్ళ కోసం.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకటి రెండు కుటుంబాల తోటలతో నేల చేతులు మారిందా? 2017 నాటి ప్రభుత్వ భూ ఆడిట్ ప్రకారం వ్యక్తుల పేరున ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం తెల్లవాళ్ళదే. జనాభాలో వాళ్ళు పదో వంతు కూడా లేరు. 1997లో తోటల్లో నివసించే పనివాళ్ళను ఇష్టానుసారం వెళ్ళగొట్టకూడదని చట్టం వచ్చింది. హక్కు ఇవ్వాల్సి వస్తుందని యజమానులు చేసిందేమిటంటే, పనివాళ్ళను తోటలో ఉండనివ్వడమే తగ్గించేశారు. శాశ్వత పనివాడి స్థానంలో సీజన్ కూలీ వచ్చాడు, గుత్తేదారు వచ్చాడు. మన కౌలు చట్టాలు రాగానే కౌలుదారుల పేర్లు అడంగల్‌లో కనబడకుండా పోయినట్టు. 2011లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఈ తోటల మీద నివేదిక ఇచ్చింది: నివాసయోగ్యం కాని ఇళ్ళు, ముఖానికి గుడ్డ కూడా లేకుండా పురుగు మందు కొట్టడం, సంఘం పెట్టుకోనివ్వకపోవడం.

2012 చివర్లో హెక్స్ నది లోయలో, డె డోర్న్స్ అనే ఊళ్ళో, ద్రాక్ష కూలీలు పని ఆపారు. అప్పుడు చట్టం ప్రకారం కనీస కూలి రోజుకు 69 రాండ్లు. వాళ్ళు అడిగింది 150. సమ్మె వెస్టర్న్ కేప్‌లో ఊరి నుంచి ఊరికి పాకింది. హైవే మూసేశారు, కొన్ని తోటలకు నిప్పంటుకుంది, పోలీసులు రబ్బరు బుల్లెట్లు పేల్చారు, ప్రాణాలు పోయాయి. ముందు నిలిచినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, సీజన్ కూలీలు, పెద్ద యూనియన్లు పట్టించుకోని జనం. కలర్డ్, ఆఫ్రికన్, పక్క దేశాల నుంచి వచ్చినవాళ్ళు ఒకే రోడ్డు మీద కూర్చోవడం ఆ మెట్ల వ్యవస్థకు పెద్ద దెబ్బ. 2013 మార్చి 1 నుంచి కూలి 105 రాండ్లయింది. ఒక్కసారిగా 52 శాతం. తెల్ల యజమానులతో పాటు కొత్తగా తోట కొన్న నల్ల యజమానులూ అదే కూలి కట్టాలి. వాళ్ళ మార్జిన్ ఇంకా తక్కువ, అప్పు ఇంకా ఎక్కువ. పెద్ద సూపర్ మార్కెట్లు సీసాకు ఇచ్చే ధర మాత్రం ఎవరి చర్మం రంగు చూసీ పెరగదు.

దళిత పెట్టుబడిదారీ గురించి మన మధ్య జరిగే వాదనలో నేను ఎటు ఉన్నానో కొందరు అడుగుతున్నారు. రంగాకా తోటను వెక్కిరించేవాళ్ళ పక్క నేను లేను. తాత తండ్రుల నుంచి ఎకరం రాని కుటుంబం ప్లాట్జే నవల పేరు సీసా మీద వేసి లండన్ దుకాణంలో పెట్టడం రాజకీయ చర్యే. కానీ ఆ తోటను చూపించి, చూశారా సమస్య తీరింది అనే పరిశ్రమ కరపత్రాల పక్క కూడా నేను లేను. ఆ సీమలో భూమి లెక్కను, కూలి లెక్కను 2003 ఎంత కదిపిందో, డె డోర్న్స్ రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళు 2012లో అంతకంటే ఎక్కువ కదిపారు. మొదటి దానికి అవార్డులొచ్చాయి, రెండోదానికి కేసులొచ్చాయి.

వచ్చే భాగంలో పులికాట్, భీమునిపట్నం డచ్చి కోటల మీద రాస్తాను. ఆ తీరపు ఊళ్ళలో చదువుకుంటున్న మిత్రులు మీ ప్రాంతంలో కోటల గురించి, రేవుల గురించి, కరువుల గురించి పెద్దవాళ్ళు చెప్పుకునే మాటలుంటే అడిగి రాసి పంపండి. ఓడెక్కి తిరిగి రానివాళ్ళ సంగతి ఏ ఇంట్లోనైనా వినబడితే మరీ మంచిది.